బోలు గోడకు టీవీ

పక్క వాటా వారికి నమస్కారం.

మేం ఈ మధ్యే మీ పక్క వాటాలో దిగాం. నేను బస్సు డ్రైవరుగా రిటైరయ్యాను. మా ఆవిడకి మోకాలి ఆపరేషను అయింది, కొన్నాళ్లు మంచం దిగొద్దన్నారు. పడుకునే చూసేలా టీవీ గోడకి బిగిద్దామనుకుంటున్నాను. మంచానికి ఎదురుగా ఉన్నది మన రెండు వాటాల మధ్య గోడే. తట్టి చూశాక అది గోడ కాదని తెలిసింది. ఇటొక జిప్సం బోర్డు, అటొక జిప్సం బోర్డు, మధ్యలో గాలి. ఇంటాయన ఒక్క హాలుని రెండు చేసి ఇద్దరికి అద్దెకిచ్చాడు. లోపల అక్కడక్కడ చెక్క పట్టీలుంటాయట. తడితే గట్టిగా పలికిన చోట చెక్క ఉన్నట్టు. రేపు పొద్దున్న తట్టి కనిపెడతాను. పనివాణ్ణి పిలవమని మా ఆవిడ పోరుతోంది. ఇన్నేళ్లు బస్సు నడిపినవాణ్ణి, నాలుగు స్క్రూలు బిగించలేనా? కాస్త చప్పుడవుతుంది, ఏమనుకోకండి.

ఇట్లు,
పక్క వాటా డ్రైవరు

తా.క.: మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు, గుమ్మంలో మీ చెప్పులు మాత్రం పరిచయమే. అందుకే ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోస్తున్నాను.


డ్రైవరు గారికి నమస్కారం.

నేను బేకరీలో పని చేస్తాను. రాత్రంతా రొట్టెలు కాల్చి, తెల్లారాక వచ్చి పడుకుంటాను. అందుకే ఎవరికీ కనపడను. ఇవాళ మీ టకటకలకి మెలకువొచ్చింది. ఆపమని చెప్పడానికి నేనూ గోడ మీద కొట్టాను. మీరు "ఆహా, దొరికింది" అన్నారు. ఇంకోచోట కొట్టారు. అక్కడా కొట్టాను. "ఇక్కడా ఉందే" అన్నారు. మీరు అటు జరిగితే నేనూ ఇటు జరిగాను. మధ్యాహ్నం దాకా గోడకి చెరోవైపు ఇద్దరిదీ ఇదే పని. దయచేసి ఇకనుంచి సాయంత్రం పూట, నేను లేచాక కొట్టుకోండి.

ఇట్లు,
నిద్ర చాలని మీ పక్కింటి అమ్మాయి

తా.క.: దిండు నిండా తెల్లటి పొడి. బేకరీ నుంచి తలలో మోసుకొచ్చిన మైదా అనుకున్నాను. నాలిక్కి తగిలాక మన గోడ పొడి అని తెలిసింది.


చిరంజీవి బేకరీ అమ్మాయికి ఆశీస్సులు.

నీ నిద్ర పాడు చేసినందుకు సిగ్గుగా ఉంది. ఈ గోడలో ఇంత చెక్క ఉందేమిటా అని నాకూ అనుమానం వచ్చింది. నువ్వు కొట్టిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. అక్కడ బెజ్జం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ తిప్పితే గిర్రున తిరుగుతుందే గానీ పట్టదు. ఒక ప్లగ్గు లోపలికి పోయింది, గోడలో జారుతున్న చప్పుడు కూడా వినపడింది. అయినా తెగించి టీవీ తగిలించాను. అది గోడ పెచ్చుతో సహా నా చేతుల్లోకి వచ్చేసింది. మా ఆవిడ "ఇప్పుడు బాగా కనపడుతోంది, అలాగే పట్టుకుని నిలబడండి" అంది.

నిన్న సాయంత్రం నువ్వు లేచి బయటికి వెళ్లినప్పుడు, పొడుగాటి స్క్రూలు తెచ్చి కాస్త పక్కగా వేశాను. ఈసారి నిజంగానే చెక్క తగిలింది. కరకరా దిగాయి. నేను పట్టుకుని ఊగినా టీవీ ఊడలేదు.

ఇట్లు,
నీ బాబాయిలాంటివాడు

తా.క.: ఎంత మంచి పాత కలపో. ఇంటాయన్ని అనవసరంగా తిట్టుకున్నాను.


బాబాయి గారికి,

ఆ కలప ఇంటాయనది కాదు, నాది. ఆ గోడకి ఆనించి మా అమ్మమ్మ చెక్క బీరువా ఉంది. తలుపు తీసి డ్యూటీ కోటు లాగితే రాలేదు. మీ స్క్రూలు రెండు బోర్డులూ దాటి, బీరువా వీపులోంచి వచ్చి, నా కోటు చెయ్యి పట్టుకున్నాయి. కోటేదని మా ఓనరు అడిగాడు. పక్కింటి టీవీని మోస్తోందన్నాను. నిద్ర సరిపోతోందా అని అడిగాడు.

అసలు సంగతేమిటంటే, నేను ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాను. బేకరీ పక్కనే గది దొరికింది. బీరువా నాతో వస్తుంది. అది కదిలితే మీ టీవీ కూడా బయలుదేరుతుంది. ఈలోగా ఏదో ఒకటి చూసుకోండి.

ఉంటాను,
బేకరీ అమ్మాయి

తా.క.: సాయంత్రం వార్తలు పెట్టినప్పుడు నా హాంగర్లు వణుకుతున్నాయి. పాటలకి బాగానే ఉంటున్నాయి.


బంగారు తల్లికి బాబాయి ఆశీస్సులు.

బీరువాని అప్పుడే కదపకమ్మా. ఇంకోచోట బిగిద్దామంటే ఆ గోడ ఇప్పటికే జల్లెడలా ఉంది. పైగా పిన్నికి ఈ సంగతి చెప్పలేదు. ఆపరేషను అయి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ పడుకునేది. టీవీ ఎక్కాక "భలే బిగించారే" అంది. ఆ మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఇక నడవమని డాక్టరు చెప్పాడు. నొప్పికి భయపడి కాలు కింద పెట్టట్లేదు. ఇప్పుడు టీవీ కూడా ఊడిపడితే మళ్లీ గోడకేసి తిరుగుతుంది. తను లేచి తిరిగేదాకా ఆగు. కొత్త కోటు నేను కొనిపెడతాను.

ఇట్లు,
నీ మేలు మరవని బాబాయి

తా.క.: బీరువాలో కాస్త బరువైనవి పెట్టమ్మా. నా దగ్గర బస్సు జాకీ ఒకటుంది, నీ గుమ్మంలో పెట్టాను.


బాబాయి గారికి నమస్కరించి బేకరీ అమ్మాయి రాస్తున్నది.

నిన్న మీరు పాత స్నేహితుల్ని చూడ్డానికి డిపోకి వెళ్లినప్పుడు ఎవరో నా తలుపు తట్టారు. తీస్తే పిన్ని. చేతికర్ర పట్టుకుని, గోడకి ఆనుకుని, చెమటలు కక్కుతూ నిలబడింది. "నీ బీరువా చూద్దామని వచ్చానమ్మాయ్" అంది.

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. నేను బీరువా తలుపు తీసినప్పుడల్లా అటు టీవీ తల ఊపుతుందట. "నువ్వు వెళ్లేముందు ఒకసారి ఊపుతుంది, వచ్చాక ఒకసారి ఊపుతుంది. మొన్న పొద్దున్న ఊపలేదు. ఇంకా రాలేదేమిటా అని ఒకటే కంగారుపడ్డాను" అంది. నేను పడుకుని ఉంటానని పగలంతా సౌండు తీసేసి బొమ్మలే చూస్తోందట.

ఖాళీ చేస్తున్నానని చెప్పాను. ఆవిడ బీరువాని ఒకసారి తేరిపార చూసి, "దీని వీపు ఒక్కటీ ఇక్కడ వదిలేసి పో" అంది. ఇంటాయనకి ఫోన్ చేసి ఒప్పించింది. వడ్రంగిని పిలిపించి, నా మంచం మీద కూర్చుని దగ్గరుండి పని చేయించింది. వీపు చెక్క గోడకే ఉంది, చుట్టూ పట్టీలు వేసి, గోడ లోపలి చెక్కలకి బిగించాడు. బీరువాకి ప్లైవుడ్డుతో కొత్త వీపు వేశాడు. నా కోటు చెయ్యి కూడా విడిపించాడు. మీరు వచ్చేసరికి పిన్ని ఏమీ ఎరగనట్టు మంచం మీద ఉంది కదూ.

"ఆయనకి చెప్పకు. తనే బిగించానని మురిసిపోతున్నాడు, మురవనీ" అంది. సరేనన్నాను. మాట ఎందుకు తప్పుతున్నానంటే, ఆవిడ నడవగలదని మీకు తెలియాలి. మీకు తెలిసినట్టు మాత్రం ఆవిడకి తెలియనివ్వకండి.

సెలవు,
బీరువా అమ్మాయి

తా.క.: ఇక టీవీ తల ఊపదు. నేను ఇంటికి చేరానో లేదో ఎలా తెలుస్తుందని పిన్ని బెంగపెట్టుకుంది. కొత్త గది అడ్రసు ఇచ్చి, మెల్లిగా నడుచుకుంటూ రమ్మన్నాను. మీకు మాత్రం ఇవ్వట్లేదు. ఆ గది గోడలు కూడా ఇలాంటివే.