కొంగ పైన తెలుపు

షార్జా, నవంబర్ 2005, గురువారం రాత్రి

మా ఫ్రేముల షాపులో కోత పని చేసే మస్తాన్ అన్న వీసా క్యాన్సిల్ చేయిస్తానన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. శనివారం నుంచి పనిలోకి రావద్దట.

పొద్దున ఒక జపాన్ ఆవిడ వచ్చి, ఫ్రేము కట్టమని ఒక బొమ్మ ఇచ్చి వెళ్ళింది. వాళ్ళ నాన్న పోయేముందు గీసిన బొమ్మట. అడుగున నాలుగు రెల్లు ఆకులు, నల్ల సిరాతో ఒక కొంగ, దాని నెత్తిన ఎర్రటి చుక్క. పైనంతా ఉత్త తెల్ల కాగితం. దేవుడి పటమైనా, పెళ్ళి ఫోటో అయినా ఖాళీ అంచు కోసేసి రెడీమేడ్ ఫ్రేములో బిగించడం మాకు అలవాటు. అన్న కూడా అలాగే స్కేలు పెట్టి పైన జానెడు కోసేశాడు.

"ఉత్త తెలుపే గదరా, దానికి అద్దం దండగ," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం ఆవిడ వచ్చి చూసింది. అరవలేదు. కొంగ పైన ఫ్రేము చెక్క మీద వేలు పెట్టి, "వేర్ ఈజ్ ద స్కై?" అని అడిగింది. అప్పుడు చూశాను. అది ఎగరబోతున్న కొంగ. ఇప్పుడు గంప కింద కోడిలా దాని తల చెక్కకి తగులుతోంది.

కోసిన ముక్క కోసం చెత్తడబ్బా అంతా వెతికాను. దొరికింది గానీ, అన్న అప్పటికే ఆ ముక్కతో జిగురు తుడిచి పారేశాడు.

రూముకొచ్చాక అన్న అన్నం ముట్టలేదు. "తెల్లకాయితం కోసినందుకు పంపేసినారంటే, నెల్లూర్లో ఎవురన్నా నమ్ముతారంట్రా?" అన్నాడు.

శనివారం నుంచి కోత పని నన్ను చూసుకోమన్నాడు ముదీర్. ఆ సంగతి అన్నకి ఇంకా చెప్పలేదు.