గోడ మీద దానియేలు

కోదాడ,
20 నవంబరు 1949, ఆదివారం.

చెల్లెలు సారమ్మకు,

అన్న గౌరయ్య నిండు మనసుతో దీవించి రాయడం ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మిర్యాలగూడలో నువ్వూ, యోహాను బావా, మీ బడి పిల్లలూ ప్రభువు దయవల్ల క్షేమమని తలుస్తాను. నీ కార్డు బుధవారమే అందింది. నాలుగు రోజులు జేబులో వేసుకుని తిరిగాను. ఆలస్యానికి తిట్టదలుచుకుంటే తిట్టుకో, పడతాను.

ఇక్కడొక కాఫీ హోటలు గోడకు ఎడ్లబండ్లు వేస్తున్నాను. కోదాడ చేరేసరికి మనుషుల మాటలకు అండీలు తగులుకున్నాయి. ఎద్దు కొమ్ములు ఇంకాస్త పెద్దవి వేయండి అంటూ హోటలాయన నా వెంట పడుతున్నాడు. ఎద్దును కూడా గారు అనేటట్టున్నాడు.

సరే, నువ్వు అడిగింది ఒక్కటే. సూర్యాపేట గోడ మీద మీ అన్న, నా నేస్తం దానియేలు ముఖాన్ని చెరిపింది ఎవరు, ఎందుకు అని. మొదటి నుంచీ చెబుతాను.

పోలీసు యాక్షన్ అయి ఏడాది నిండిందని బజారు పెద్దలు నన్ను పిలిచి, బెజవాడ రోడ్డు పక్క గోదాము గోడ నిండా మన ప్రాంతం చరిత్ర గీయమన్నారు. దారిన పోయే బస్సుల్లోని వాళ్ళు మన సంగతి తెలుసుకోవాలని వాళ్ళ కోరిక. చెరువు తవ్వడం, బతుకమ్మ, అంగడి, బండ్ల బాట. గీసినన్నాళ్ళూ నా వెనక జాతరే. ఎవరినడిగినా ఆ చెరువు తవ్వించింది వాళ్ళ తాతే. ఒక పెద్దమనిషి, మా తాత మీసం గింతనే ఉండెనా అని నిచ్చెన పట్టుకుని ఊపాడు. పడితే వాళ్ళ తాత దగ్గరికే పోయేవాణ్ణి.

ఆ చెరువు బొమ్మలో, మన్ను తట్ట నెత్తినెత్తుకున్న మనిషికి దానియేలు ముఖం పెట్టాను. నా రంగులకు చింతగింజల గంజి కాచి ఇచ్చిన చేతులు వాడివి. వాడు లేకుండా ఈ ఊరి చరిత్ర నాకు గీయబుద్ధి కాలేదు. మా ఇంటి పద్ధతి నీకు తెలుసు, బొమ్మకు కళ్ళు చివర తెరుస్తాం. అప్పటిదాకా అది ఉత్త రంగే. ఆ పొద్దున కళ్ళు తెరిచి నిచ్చెన దిగేసరికి, అంగడికొచ్చిన మీ అమ్మ రోడ్డు పక్కనే కూలబడింది. మీ ఇంట్లో వాడి ఫోటో ఒక్కటైనా లేదు కదా. లేచి గోడను తడుముతూ, నా కొడుకు గీడున్నడు, ఏడాది దాటె సూడక, గీడున్నడు అని వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించింది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. చివ్వెంల నుంచి నడిచొచ్చి, రోడ్డుకు ఇవతల కూర్చుని, కొడుకును చూసుకుంటూ సద్ది విప్పేది. నాకూ ముద్ద కలిపి పెట్టేది. ఒకనాడు నా తల నిమిరి, ఆనాడు నువ్వు రంగులకని కోదాడ పోకుండ ఊర్లె ఉంటే నా కొడుకు బతికెటోడు బిడ్డా, నీ ఇంటికే ఉరికొచ్చిండట, తలుపు తీసెటోడు లేకపాయె అంది. ముద్ద పక్కన పెట్టి లేచిపోయాను. ఆ గొడవల ఏడాది తుపాకుల గుంపు వాణ్ణి సూర్యాపేటలో మా వీధి మలుపులోనే కాల్చిందన్న సంగతి నీకు నేను మళ్ళీ చెప్పాలా?

మరునాడు అమ్మ వచ్చేసరికి గోడ మీద ముఖం లేదు. అక్కడ సున్నం ఉంది. గోడ గీయించిన పెద్దల్లో ఒకరైన దామోదర్ గారు కూలివాడి ముఖం వద్దన్నారని, తన తాత ముఖం వేయమన్నారని అమ్మకు చెప్పాను. అమ్మ సున్నం మీద చేయి పెట్టి చూసి, సద్ది విప్పకుండానే చివ్వెంల తోవ పట్టింది.

అమ్మ ఆయన వాకిట్లో మన్నెత్తి పోసిందని, ఆయన పొలం పని మానేసిందని, ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదని నువ్వు రాశావు. వచ్చే శనివారం యోహాను బావ నలుగురితో కలిసి దామోదర్ గారిని నిలదీస్తాడని కూడా రాశావు. పెద్దవాళ్ళతో మనకెందుకు, బావను ఆగమను. మిర్యాలగూడలో ఏదైనా మంచి గోడ చూపించు, వచ్చి దానియేలును మళ్ళీ వేస్తాను. అమ్మను అక్కడికే పిలిపించుకో. గోడ ఏదైతేనేం, ముఖం అదే కదా.

అమ్మకు నా దండాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
గౌరయ్య

తా.క.: పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చాను. పైన రాసిన ఉత్తరం వేస్తే బావ శనివారం ఆగడు, ఆగినా అమ్మ ఆగదు.

దామోదర్ గారు ఏమీ అనలేదు. ఆయన బొమ్మ ముందు నిలబడి, వీడు మన దానియేలే గద, మంచిగ తీసినవ్ అని వెళ్ళిపోయారు. సున్నం పూసింది నేనే. ఆయన పేరు చెప్పగానే ఊరంతా నమ్మింది. అలాంటి పనులు పెద్దవాళ్ళే చేస్తారని మనకు అలవాటు. ఆ అలవాటు వెనక దాక్కున్నాను.

ఆనాడు నేను కోదాడ పోలేదు సారమ్మా. ఇంట్లోనే ఉన్నాను. వాడు తలుపు కొట్టాడు. గౌరన్నా, నేనే, జర తలుపు తియ్యి అన్నాడు. నా చేయి గడియ మీదే ఉంది. భయపడ్డాను, తీయలేదు. మూడుసార్లు పిలిచి మలుపు వైపు పరిగెత్తాడు. నేను లేననుకున్నాడో, ఉన్నానని తెలిసే పోయాడో నాకు తెలియదు.

ముఖం గీస్తే కొంతైనా తేలికవుతుందనుకున్నాను. అమ్మ నాకు ముద్ద పెడుతుంటే వాడు గోడ మీద నుంచి చూశాడు. ఆ చూపుకు ఆగలేకపోయాను. అలా వాణ్ణి రెండోసారి కూడా నేనే బయటికి నెట్టాను.

బావను దామోదర్ గారి మీదికి పంపవద్దు. చివ్వెంల వెళ్ళి ఈ కాగితం అమ్మకు నువ్వే చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా దాచకు. రేపు తొలి బస్సుకు సూర్యాపేట పోయి, అదే గోడ మీద దానియేలును గీస్తాను. కళ్ళు మాత్రం తెరవను. తెరవమంటుందో, కుంచె అక్కడ పెట్టి పొమ్మంటుందో అమ్మే వచ్చి చెప్పాలి. అమ్మ వచ్చేదాకా ఊళ్ళోనే ఉంటాను.