బైబిలు కవరులో కాగితం

కొత్తపేట,
సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన సాధన తల్లికి,

మీ నాయిన, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని మీ తాత ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. నేనూ అదే రాద్దామని కూర్చున్నాను. మీ అమ్మ ఇంత తింటోంది. రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వస్తున్నాయి. నేను ఇవాళ స్కూలు బస్సు తీయలేదు, ఎందుకో కింద రాస్తాను. ఇదే క్షేమం అనుకో.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న సాయంత్రం ఫోన్లో మాట్లాడినప్పుడు నీ వెనక పదిమంది హాస్టలు పిల్లలు ఫోన్ కోసం వరుసలో ఉన్నారు, వార్డెన్ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. చెప్పాల్సింది పది నిమిషాల్లో అయ్యేది కాదు. పైగా నోటితో మొదలుపెడితే మధ్యలో ఆగిపోతాను, నన్ను నేనెరుగుదును. అందుకని రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలు. నంబర్లు వేసి మరీ అడిగావు, నర్సింగులో ఇది కూడా నేర్పుతారు కాబోలు.

అమ్మ ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తోంది. వేళ్లు ఇంకా మాట వినడం లేదు. ఫిజియోథెరపీ మేడం చెప్పినట్టు పళ్లెంలో శనగలు పోసి, ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేయిస్తున్నాను. నిన్న ముప్పై వేసింది. మూతి వంకర కొంత సర్దుకుంది గానీ మాట ముద్దగానే వస్తోంది, కొత్తవాళ్లకు అర్థం కాదు. కింద పోర్షన్ అండాలమ్మ రోజూ పొద్దున్నే జావ తెచ్చి, అమ్మకు తల దువ్వి జడ వేసి పోతోంది. మన చర్చి ఆమె కాదు, మన చుట్టమూ కాదు. వద్దన్నా వినడం లేదు.

నువ్వు తింటున్నావా నాయినా అని అడిగావు. తింటున్నాను. ఏడ్చావా అని అడగలేదు గానీ అదీ చెప్తాను. ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు మత్తు సూది ఇస్తే దవడ ఎలా ఉంటుందో, అమ్మకు పక్షవాతం వచ్చిన రోజు నుంచి నాకు ఒళ్లంతా అలా ఉంది. టీ తాగుతాను, తాగానని గ్లాసు ఖాళీ అయ్యాక తెలుస్తుంది. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర వెనకవాళ్లు హారన్లు కొడుతుంటే ఎవరినో అనుకుని చూస్తుంటాను.

ఇక నీ ఐదో ప్రశ్న. శనివారం నుంచి దాన్నే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. "ఇంతకు ముందు అమ్మకు లేవగానే తలనొప్పి ఉండేదా? పగలు తూగేదా? మతిమరుపు ఉండేదా? గురక పెట్టేదా?" అని రాశావు. నిద్ర సరిగా లేకపోతే బీపీ, షుగర్, గుండె, మెదడు అన్నీ దెబ్బతింటాయని మీ మేడం క్లాసులో చెప్పిందనీ, అందుకే అడుగుతున్నాననీ రాశావు.

ఉండేవి బిడ్డా. గురక తప్ప అన్నీ ఉండేవి. నువ్వు హాస్టలుకు పోయిన ఈ రెండేళ్లలో ఇంకా ఎక్కువయ్యాయి. లేవగానే కొంగుతో తల బిగించి కట్టుకునేది. కుట్టు మిషన్ మీద తూగి రెండుసార్లు వేలిలోకి సూది దింపుకుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేదా అసలు వేసేది కాదు. బీపీకి ఒక మాత్ర రెండయ్యింది, రెండు మూడయ్యాయి, బీపీ మాత్రం దిగలేదు. దొంగతనంగా పచ్చడి తింటోందని నేను కసిరాను. తొమ్మిదింటికి పడుకుంటే పొద్దున ఆరింటిదాకా కదలదు, అయినా లేచాక రాత్రంతా బరువులు మోసినట్టు ఉంటుంది. మీ నానమ్మ బతికినన్ని రోజులూ దాన్ని నిద్రమొహంది అన్నది. నేనూ అన్నాను. నువ్వూ చిన్నప్పుడు అన్నావు, నీకు గుర్తుందో లేదో.

చర్చి సంగతి నీకు తెలుసు. ఆల్ నైట్ ప్రేయర్లో ఎవరైనా తూగితే లేచి నిలబడమంటారు. పాస్టరు అయ్యగారి భార్య చాప పక్కకు వచ్చి "రెబెక్కమ్మా, నిలబడు తల్లీ" అని మెల్లిగా చెప్పేది. మీ అమ్మ నిలబడేది. ఒకసారి నిలబడే నిద్రపోయి ముందున్నావిడ మీద పడింది. ఆడవాళ్ల వైపంతా నవ్వారు, మగవాళ్ల వైపు నుంచి నేనూ నవ్వాను. ఏటా కొత్త సంవత్సరం ప్రార్థనకు అందరూ చీటీల మీద విన్నపాలు రాసి పెట్టెలో వేస్తారు కదా. అందరూ ఇల్లు కావాలని, పిల్లల పెళ్లిళ్లు కావాలని రాస్తారు. మీ అమ్మ ఏటా ఒక్కటే రాసేది, "నా సోమరితనం పోవాలి" అని. నాకు చూపించి మరీ వేసేది. పోతుందిలే అనేవాడిని.

గురకకు పేరుపడ్డది నేను. పైన ఇంటి ఓనరు సీతారాములు గేటు దగ్గర ఎదురైనప్పుడల్లా "ఏం సాలోమోను, రాత్రి బస్సు ఇంట్లనే పెట్టినవా ఏంది?" అని ఎక్కిరిస్తాడు. కాబట్టి ఈ ఇంట్లో నిద్రరోగం ఉంటే అది నాదేనని అందరం అనుకున్నాం. చప్పుడు చేయని మనిషికి రోగం ఏమిటి?

ఇప్పుడు నీ ఆరో ప్రశ్న, అసలు అది ప్రశ్న కూడా కాదు. "నాయినా, నీ స్లీప్ టెస్టు పాసయ్యావని అమ్మ చెప్పింది కదా, ఆ రిపోర్టు ఫోటో ఎవరితోనైనా పంపించు, మా మేడానికి చూపిస్తాను" అని రాశావు.

అక్టోబరులో నా బస్సు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర డివైడర్ ఎక్కింది, నీకు తెలుసు. పిల్లలందరినీ దించి ఖాళీగా వస్తున్నాను. స్టీరింగ్ లాగేసిందని మీకందరికీ చెప్పాను. స్టీరింగ్ బాగానే ఉంది. కన్ను మూత పడింది. స్కూల్లో బస్సులు చూసే శేఖర్ తెలివైనవాడు, నమ్మలేదు. "అన్నా, నిద్ర పరీక్ష కాగితమన్న తే, బండి తాళాలన్న ఇయ్యి. పిల్లలు కూసుండే బండి ఇది" అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్లో ఒక క్లినిక్‌లో మిషన్ ఇచ్చారు. ఇంటికే తెచ్చుకోవాలి, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కులో సన్న గొట్టం పెట్టుకుని ఒక రాత్రి పడుకుంటే అదే అంతా రాసుకుంటుంది. పక్కన ఎవరూ ఉండరు.

నా గురకతో ఆ మిషన్ పెట్టుకుంటే నా పని అయిపోయినట్టేనని నాకు తెలుసు. మంచం మీద దాన్ని పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మీ అమ్మ వచ్చి "ఇటియ్యి, నేను పెట్టుకుంట. నాకేమైతది? పండుకునుడు ఒక్కటే కదా నాకు మంచిగ వచ్చింది" అని నవ్వింది. బెల్టు నేనే కట్టాను. నా పేరు మీద తీసుకున్న మిషన్ దానికి కట్టి, లైటు ఆర్పాను.

రిపోర్టుకు పోయినరోజు అక్కడి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది. విజయవాడ వైపు మనిషి, మర్యాదగా మాట్లాడింది. "సాలోమోను గారూ, మీకు గంటకి నలభై ఆరు సార్లు ఊపిరి ఆగుతోందండి. ఆక్సిజన్ డెబ్బై ఒకటికి పడిపోతోంది. రాత్రంతా పడుకున్నాననుకుంటారు గానీ మీ ఒంటికి నిద్రే లేదు. బీపీ మందులకి లొంగదు, గుండెకీ మెదడుకీ ప్రమాదం. ముందు మీరు బండి నడపడం ఆపేయండి" అంది. తర్వాత కాగితం మళ్లీ చూసి "విచిత్రం, గురక మాత్రం చాలా తక్కువ రికార్డయింది. అయినా కొందరికి అంతే, ముఖ్యంగా ఆడవాళ్లలో" అంది.

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. తల కట్టుకోవడం, సూది దిగడం, ఉప్పు, బీపీ, అన్నీ అక్కడే కుర్చీలో అర్థమయ్యాయి. అర్థం కాలేదని నీకు అబద్ధం చెప్పను.

ఆ కాగితం నాదని శేఖర్‌కు ఇస్తే బస్సు పోతుంది. నా భార్యదని చెప్తే మోసం బయటపడి బస్సు పోతుంది. మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఎవరికీ చెప్పకుండా ఉండడమే మేలనిపించింది. మీ అమ్మ గడపలోనే ఎదురొచ్చి "ఏమయ్యా, పాసైనమా?" అని అడిగింది. "పాసైనం" అన్నాను. ఆ రోజు పండగకు వండినట్టు బగారన్నం వండింది. శేఖర్‌తో "మిషన్ సరిగా రాయలేదట, మళ్లీ ఇస్తారట" అని చెప్పి నెల గడువు తీసుకున్నాను. కాగితం మడిచి నా బైబిలు కవరు వెనక జిప్పులో పెట్టాను. ఆ బైబిలు పట్టుకుని మూడు ఆదివారాలు చర్చికి పోయాను. ఈ నెల పోనీ, జీతం రానీ, తర్వాత ఏదో ఒక సాకుతో డాక్టరుకు చూపిద్దాం అనుకున్నాను.

ఇరవై రెండో రోజు పొద్దున నల్లా దగ్గర మీ అమ్మ చేతిలోంచి బిందె జారింది. మిగతాది నీకు తెలుసు. నువ్వు రాత్రి బస్సుకు వచ్చావు, నాలుగు రోజులున్నావు.

ఆ నాలుగు రోజుల్లో ఒక రోజు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చి నన్ను అడిగాడు, "ఈమెకు నిద్రలో ఊపిరి ఆగడం వంటివి ఉన్నాయా?" అని. "లేదు సార్, మంచిగనే పండుకుంటది" అన్నాను. నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు. బ్యాగు నా కాళ్ల దగ్గరే ఉంది, అందులో బైబిలు, దానిలో కాగితం. డాక్టరు రాసుకుని పక్క మంచానికి పోయాడు. ముందు చేసింది పిరికితనం అనుకో. ఇది మాత్రం ఏమిటో నాకే తెలియదు. మంచం మీద పడి ఉన్న మనిషి వైద్యానికి కావాల్సింది కూడా నేను దాచాను.

నిన్న చర్చి నుంచి వచ్చాక నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తున్నాను. ఆరో ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోయాను. "చదువు. ఏందాగినవ్?" అంది. బైబిలు తెచ్చి, జిప్పు తీసి, కాగితం దాని ఒళ్లో పెట్టాను. ఇప్పుడు నీకు రాసిందంతా అలాగే చెప్పాను. నా గొంతు వేరేవాడెవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. మీ అమ్మ కాగితం మీద నా పేరు చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం నీ ఫోన్ వచ్చినప్పుడు నీతో రెండు మాటలు మాట్లాడింది, నాతో మాట్లాడలేదు.

ఇవాళ పొద్దున్నే బడంగ్‌పేట్ స్కూలుకు పోయి శేఖర్ చేతిలో తాళాలు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఈ నెల దినాలు గా పిల్లల్ని ఎట్ల తిప్పినవన్నా?" అని అంతే అడిగాడు. మీ అమ్మ ఒక్కతే కాదు, రోజూ నలభై మంది పిల్లలు నా కళ్ల మీద ఆధారపడి కూర్చున్నారు. దేవుడు కాచాడు, నేను కాయలేదు. రేపు ఆ కాగితం తీసుకుని పెద్ద డాక్టరు దగ్గరకు పోతున్నాను. నా పేరున్న కాగితం అమ్మకు పనికిరాకపోవచ్చు, దాని పేరు మీద మళ్లీ పరీక్ష చేయిస్తాను. పడుకున్నప్పుడు మొహానికి పెట్టుకునే మిషన్ ఒకటి ఉందట, దానితో ఊపిరి ఆగదట. గురువారం నా పరీక్ష, ఈసారి ఆ గొట్టం నా ముక్కుకే. పక్షవాతం దీనివల్లే వచ్చిందా అని నన్ను అడగకు. అదొక్కటే కారణం అని ఏ డాక్టరూ చెప్పడు, కాదనీ చెప్పడు. నువ్వు చదువుకుంటున్నావు, నాకంటే నీకే ఎక్కువ తెలుస్తుంది. నన్ను క్షమించమని కూడా రాయడం లేదు, అది నీ ఇష్టం.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని శనగలు ఏరుతోంది. ఆ కాగితం దిండు పక్కన ఉంది. నేను పళ్లెం ముందు కింద కూర్చున్నాను. గిన్నెలో ఇంకో శనగ వేసి, చెయ్యి ఆపి "గంటకు ఎన్నిసార్లన్నవ్?" అని అడిగింది. నలభై ఆరు అన్నాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"అంటే నాది సోమరితనం కాదు" అంది.

కాదు అన్నాను.

"ఇన్నేండ్లు నేను చీటీలు రాసి ఏసిన" అంది. ఇంకో శనగ తీసుకోబోతే జారిపోయింది. "ఆదివారం నువ్వు నిలబడి సాక్ష్యం చెప్పాలె. అందరి ముందట. కాగితం చూపెట్టి చెప్పాలె. నా పేరు తీసి చెప్పు, రెబెక్క సోమరిది కాదని."

చెప్తాను అన్నాను. నన్ను తిట్టలేదు సాధనా. ఇంకేమీ అడగలేదు. అడగడానికి దానికి ఇంతకంటే పెద్దది ఏమీ లేనట్టు మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఏమీ అనిపించడం లేదని పైన రాశాను కదా, ఇక్కడిదాకా అదే నిజం. ఇప్పుడు ఈ అక్షరాలు నాకు సరిగా కనిపించడం లేదు.

నేను నీకు రాస్తున్నానని చూసి ఒక మాట కలిపి రాయమంది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "బిడ్డా, నేను నిద్రమొహందాన్ని కాదంట. పొద్దుందాక మీ అందరికీ చేసి పెట్టింది, ఊపిరాడకుండనే చేసినంట."

ఇట్లు,
ఈ ఆదివారం సంఘంలో లేచి నిలబడబోయే
నీ నాయిన,
సాలోమోను