అద్దాల బీరువాలో కొత్త పుస్తకాలు

బందరు, మంగళవారం రాత్రి

ఎల్లుండి కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. వానాకాలంలో వచ్చిన కొత్త పుస్తకాలు, విద్యవీ వ్యాపారానివీ సమాజశాస్త్రానివీ, వాళ్ళకి చూపించడానికే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. మా లైబ్రరీలో ఎప్పుడూ ఇంతే. కొత్తవి చూపించడానికి, పాతవి పిల్లలకి ఇవ్వడానికి.

ఒక్కటి మాత్రం బీకాం చదివే దుర్గ బతిమాలితే ఇచ్చాను. మార్కెట్ల గురించిన పుస్తకం, అందులో వేలం మీద ఒక అధ్యాయం ఉంది. వాళ్ళమ్మ గిలకలదిండి హార్బర్లో చేపలు వేలంలో పాడుకుని ఊళ్ళో అమ్ముతుంది.

ఇవాళ తిరిగి తెచ్చింది. అట్ట ఉబ్బిపోయి, చేపల వాసన.

"హార్బర్లో అమ్మకి తెలుగులో చెప్తూ చదివానండీ మేడం. ఐసు నీళ్ళు పడ్డాయి, ఏమీ అనుకోకండి."

"మీ అమ్మ ఏమంది?"

"వేలం గురించి ఉన్నది మళ్ళీ చదవమందండీ."

అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్‌గారు ముక్కు మూసుకున్నారు. "ఏంటమ్మా ఈ కంపు? ఎల్లుండి ఇది ఎవరి కంటా పడకూడదు."

సరేనండీ అన్నాను. ఇంకేమనాలి?

సాయంత్రం బీరువా తాళం తీసి, మిగతావి ఎలా ఉన్నాయోనని ఒక్కొక్కటీ తెరిచాను. కొన్నిట్లో పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ బృందంలో ఎవరైనా నాలాగే తెరిచి చూస్తే...

దుర్గ పుస్తకం గురించి కాదు నా భయం. మిగతా వాటన్నిటికీ ఇంకా కొత్త వాసనే వస్తోంది.