రావుగారి స్కూటరు

3 మార్చి 1947, బెజవాడ

వెంకటకృష్ణారావు ఇవాళ నా షెడ్డుకి వచ్చాడు. మూడేళ్ళ తరవాత. వెనకాల ఎడ్లబండి మీద ఒక మోటారు స్కూటరు. గన్నవరం ఏరోడ్రోములో మిలిటరీ వాళ్ళు వదిలేసి పోయిన సరుకు, డిస్పోజల్స్ వేలంలో కొన్నాడట. ఏడాదిన్నర గొడ్ల చావిట్లో పడి ఉంది. ఇంజను మీద కోళ్ళు గుడ్లు పెట్టిన గడ్డి ఇంకా అలాగే ఉంది. గవర్నర్‌పేట మెకానిక్కులు మేం ముట్టుకోమన్నారట. మా అబ్బాయి ముచ్చటపడుతున్నాడు, నీ చేతిలో పడితే తిరుగుతుంది ఆదిశేషయ్యా, అన్నాడు. నా తమ్ముడి పేరు ఎత్తలేదు.

సరేనన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

4 మార్చి

ఒకసారి రాసి పెట్టుకోవాలి. 1944లో నేను రావు బస్సులకి హెడ్ మెకానిక్కుని. తమ్ముడు మార్కండేయులు డ్రైవరు. బ్రేకు లైనింగ్ అరిగిపోయింది, రెండు రోజులు బస్సు ఆపండి అని రావుకి చెప్పాను. పెళ్ళివారిని తీసుకురావాలి, నెమ్మదిగా పోతే బ్రేకుతో పనేముందన్నాడు. నేను భోజనానికి వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి పంపించేశాడు. వాడికి బ్రేకు సంగతి చెప్పలేదు. కంకిపాడు వంతెన దిగుతూ ఖాళీ బస్సు కాలవలో పడింది. వాడొక్కడే పోయాడు.

విచారణలో రావు, డ్రైవరు తాగి ఉన్నాడన్నాడు. నా మాటకి సాక్షి లేడు. మరదలు రామతులసిని తాగుబోతు పెళ్ళామని మా మగ్గాల వీధిలోనే అన్నారు.

9 మార్చి

పిస్టన్ పట్టేసింది. కిరసనాయిల్లో నానబెట్టి, చెక్క ఆనించి కొట్టి ఊడదీశాను. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోని ఎండలో ఆరబెట్టాను. చెప్పకూడదు గాని మంచి బండి.

10 మార్చి

బ్రేకు విప్పాను. లైనింగ్ పొడిపొడిగా రాలింది. కొత్తది వేయకపోతే చాలు.

14 మార్చి

రావు కొడుకు బసవపున్నయ్య రోజూ వస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు. చొక్కా విప్పి నాతోపాటు గ్రీజు పూసుకుంటాడు. మీ తమ్ముడు నిజంగా తాగేవాడా అండీ, అని అడిగాడు ఇవాళ. మీ నాన్నగారిని అడగమన్నాను. అడిగాడట. తాగేవాడనే చెప్పాడట.

ఈ కుర్రాడి మీద నాకు కోపం రావడం లేదు. అదే చిక్కు.

17 మార్చి

లైనింగ్ వేశాను. కొత్తది. మూడుసార్లు తొక్కి చూసుకున్నాను. రావుకి చెప్పను.

18 మార్చి

ఇంజను మోగింది. అన్నం క్యారియర్ తెచ్చిన రామతులసి ఎవరి బండి అంది. చెప్పాను. క్యారియర్ కింద పెట్టి వెళ్ళిపోయింది.

21 మార్చి

పది గంటలకి రావు హడావిడిగా వచ్చాడు. ఉయ్యూరులో చెరకు లారీల టెండరుకి పన్నెండింటితో గడువు సరి. కారు కదలడం లేదు. స్కూటరు మీద అబ్బాయి కాగితాలు పట్టుకెళ్తాడన్నాడు. బసవపున్నయ్య అప్పటికే వచ్చి, రేకు తలుపు అవతల చేతులు కడుక్కుంటున్నాడు. అది రావుకి తెలియదు. నాకు తెలుసు.

బ్రేకు లైనింగ్ దొరకలేదండీ, రెండు రోజులు ఆగండి అన్నాను. గట్టిగానే అన్నాను.

"నెమ్మదిగా పోతే బ్రేకుతో పనేముంది? వాడికి చెప్పబాకు, బెదురుతాడు," అన్నాడు.

కంకిపాడు వంతెన దిగాలి కదండీ అన్నాను. నీకా వంతెన పిచ్చి ఇంకా వదల్లేదన్నాడు.

బసవపున్నయ్య తడి చేతులతోనే లోపలికి వచ్చాడు. తండ్రిని కాసేపు చూశాడు.

"మార్కండేయులుకి కూడా చెప్పలేదా నాన్నా?"

రావు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "ఆ రోజు సంగతి వేరు," అన్నాడు.

మూడేళ్ళకి నోటితో ఒప్పుకున్నాడు. కన్నకొడుకు సాక్షిగా.

అప్పుడు స్కూటరు నెట్టి, బ్రేకు తొక్కి చూపించాను. చక్రం కదల్లేదు. బసవపున్నయ్య నావంక కూడా తండ్రిని చూసినట్టే చూసి, నడిచి వెళ్ళిపోయాడు. టెండరు గడువు దాటిపోయింది.

సంతోషంగానే ఉంది. లేదని రాస్తే అబద్ధం.

29 మార్చి

బసవపున్నయ్య రామతులసి దగ్గరికి వెళ్ళాడు. మీ ఆయన తాగలేదు, తప్పు మా నాన్నది అని వీధి వీధంతా వింటుండగా చెప్పాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఇల్లు వదిలి గుడివాడలో మేనమామ దగ్గరికి పోయాడు. నాతో మాట్లాడలేదు.

11 ఏప్రిల్

రావు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు. మా వాడు నీకు ఉత్తరం ఏమన్నా రాశాడా అని అడిగాడు. లేదన్నాను. దాహంగా ఉందన్నాడు.

కుండ అక్కడే ఉందన్నాను.

ఆయన లేవలేదు. నేనూ లేవలేదు.