మేనేజర్ చాయ్ తాగిన మనవరాలు

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. నిన్న మన ఆర్మూర్ బస్సు డిపోలో యూనియన్ తరఫున చర్చలకు కండక్టరు ఉద్యోగం చేస్తున్న మన మనవరాలు సునీత కూర్చుంది. ఆడ కండక్టర్లకు మరుగుదొడ్డి కావాలన్నది వాళ్ల డిమాండు. ఒప్పందం కుదిరేదాకా మేనేజర్ ఇచ్చే చాయ్ ముట్టకూడదని యూనియన్ నాయకుడిగా మీరు పెట్టిన నియమాన్ని అది మీరింది.

“తాత ఉంటే నిన్ను బయటికి పంపేటోడే,” అని గద్దించాను.

“రెండు కప్పులు తాగిన బాపమ్మా. ఇగ నేను ఏడికి పోవాలె సార్ అని అడిగిన. తలకాయ దించుకొని సంతకం పెట్టిండు!”

నవ్వు ఆపుకోలేకపోయాను. మీ కాలంలో డిపోలో ఆడవాళ్లే లేరు. ఉంటే ఈ డిమాండు మీకు తట్టేదా?

మరుగుదొడ్డి కట్టాక సునీత డ్యూటీకి నీళ్ల సీసా తీసుకుపోతుందట. ఇన్నాళ్లూ దాహం ఆపుకుందని నాకూ ఇప్పుడే తెలిసింది.