ఆఖరి పది నిమిషాలు

వదినగారికి నమస్కారాలు.

ఎలా ఉన్నావని అడిగారు. సినిమాలు చూస్తున్నాను, తిట్టకండి. ఈ నెలలో రెండు సినిమాలు, ఒక నాటకం. సినిమాల్లో పాటలెక్కువ, కథ తక్కువ. నాటకంలో తల్లి వేషం వేసినామె మాత్రం తను ఏడవకుండా నన్ను ఏడిపించింది. మూడూ చివరిదాకా కూర్చునే చూశాను.

మీ తమ్ముడి సంగతి తెలుసుగా! జనం బయటపడితే స్కూటరు తీయలేమని పది నిమిషాల ముందే నన్ను లేవదీసేవారు. చివర ఏమవుతుందో దారిలో ఆయనే చెప్పేవారు. "ముందే కనుక్కున్నాలే" అనేవారు. ముప్ఫై ఏళ్లు నమ్మాను. మొన్న అలా మధ్యలో వదిలేసి వచ్చిన సినిమా ఒకటి టీవీలో వేశారు. ఆయన చెప్పిన కథలో తండ్రి రైలు దిగి ఇంటికొస్తాడు, కూతురు తలుపు తీస్తుంది. సినిమాలో ఆ తండ్రి రానే రాడు. ఆయన మీద ఒళ్లు మండింది. కాసేపటికి, ఆయన చెప్పిందే బాగుందనిపించింది.

ఇక అసలు విషయం. ఆసుపత్రిలో ఆ రోజు నర్సు నన్ను బయటికి పంపేసింది. లోపల మీరొక్కరే ఉన్నారు. తర్వాత వచ్చి, "నిద్రలోనే పోయాడమ్మా, ఏ బాధా పడలేదు" అన్నారు. అది స్కూటరు మీద ఆయన చెప్పే మాటలాగే ఉంది వదినా. ఆయన నాకోసం అడిగారా? ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయండి. తట్టుకుంటాను. చివరిదాకా కూర్చోవడం నేర్చుకుంటున్నాను. ఈ సినిమాలన్నీ అందుకే.

మీ మరదలు